హార్మోన్ కబురు, ఎంజైమ్ పని: పునరుత్పత్తి అవయవాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు రెండు రకాల మనుషుల నుంచి వస్తాయి. "హార్మోన్ ఎంజైమ్ తయారీని ప్రేరేపిస్తుంది" అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయిన విద్యార్థులు ఒక రకం. రక్తపరీక్ష రిపోర్టు చేతిలో పెట్టుకుని, అంకెలన్నీ బాగానే ఉన్నా ఇబ్బంది ఎందుకు తగ్గలేదో అర్థంకాని వాళ్లు ఇంకో రకం. ఇద్దరికీ తెలియాల్సింది ఒకటే: రక్తంలో తిరిగే హార్మోనుకూ, అవయవంలో జరిగే పనికీ నడుమ ఏముంది?

హార్మోన్, ఎంజైమ్ రెండూ ఒకటేనా?

కాదు. పని చేసేది ఎంజైమ్. అది ఒక అణువును కోస్తుంది, మరొకదానికి అతికిస్తుంది, ఇంకోదాని రూపం మారుస్తుంది. పని అయ్యాక తాను మారకుండా మిగిలి మళ్లీ అదే పనికి దిగుతుంది. హార్మోన్ ఒక గ్రంథిలో పుట్టి, రక్తంలో పడి, దూరాన ఉన్న కణానికి కబురు చేరవేస్తుంది. అంతవరకే దాని బాధ్యత. ఆ కబురు విని ఏం చేయాలో కణమే తేల్చుకుంటుంది.

హార్మోనే నేరుగా రసాయన చర్యలో పాల్గొనడం లేదని ఎలా తెలిసింది?

1950లలో చాలామంది శాస్త్రవేత్తలు పాల్గొంటుందనే అనుకున్నారు. ఈస్ట్రోజెన్ గర్భాశయంలోకి వెళ్లి, అక్కడి ఎంజైములతో కలిసి చర్య జరిపి, ఆ క్రమంలో తానూ మారుతుందని వాళ్ల ఊహ. షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ ఆ దశాబ్దం చివర్లో దీన్ని పరీక్షకు పెట్టారు. ఈస్ట్రోజెన్లలో బలమైనదైన ఈస్ట్రడయోల్ అణువుకు రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి, ఇంకా ఎదగని ఆడ ఎలుకలకు ఇచ్చి, అది ఎక్కడికి పోతుందో వెతికారు. మిగతా కండరాల్లోంచి, రక్తంలోంచి త్వరగా వెళ్లిపోయిన హార్మోన్ గర్భాశయంలో మాత్రం గంటల తరబడి నిలిచింది. తీసి చూస్తే అది ఈస్ట్రడయోలే. అణువు ఇసుమంత కూడా మారలేదు.

అంటే చర్యలో ఖర్చు కావడం లేదు, దాన్ని ఏదో పట్టుకుని కూర్చుంది. ఆ పట్టుకునేదే గ్రాహకం, మనం రిసెప్టర్ అని పిలిచే ప్రొటీన్. ఈ రంగం మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇదే. జెన్సెన్‌కు 2004లో పియరీ షాంబాన్, రోనాల్డ్ ఎవాన్స్‌లతో కలిపి, వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది.

కణం లోపల ఏం జరుగుతుందో వరుసగా చెప్పండి.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, టెస్టోస్టెరాన్ ఈ మూడూ స్టెరాయిడ్లు. కొలెస్ట్రాల్ నుంచి తయారవుతాయి కాబట్టి కొవ్వులో కరిగే గుణం ఉంది. రక్తంలో ఎక్కువ భాగం వాహక ప్రొటీన్లకు అంటుకుని ప్రయాణిస్తాయి. విడిగా ఉన్న కొద్ది భాగమే కణపొరను దాటి లోపలికి వెళ్తుంది.

లోపల రిసెప్టర్ ఎదురుచూస్తుంటుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అయితే చాలావరకు కేంద్రకంలోనే ఉంటుంది. హార్మోన్ వచ్చి కూర్చోగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది. అలా మారిన రిసెప్టర్లు రెండేసి జతకట్టి డీఎన్ఏ మీద తమకు సరిపోయే చోటు వెతుక్కుంటాయి. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జత వెతికే గుర్తు చిన్నదే: ఐదు అక్షరాలు, మధ్యలో ఏవైనా మూడు, ఆపైన మొదటి ఐదింటికి అద్దంలో నీడలాంటి మరో ఐదు. ఈ గుర్తు జన్యువు పక్కనే ఉండాలని లేదు, వేల అక్షరాల దూరంలో కూడా ఉండొచ్చు. డీఎన్ఏ ఉచ్చులా వంగి ఆ దూరాన్ని దగ్గర చేస్తుంది.

రిసెప్టర్ ఒక్కటీ ఏమీ చేయలేదు. సహాయక ప్రొటీన్లను పిలుచుకుంటుంది. అవి డీఎన్ఏ చుట్టుకున్న హిస్టోన్లనే ప్రొటీన్ల బిగువును వదులు చేస్తాయి. అప్పుడు జన్యువు తెరుచుకుంటుంది, దాని నకలుగా ఆర్ఎన్ఏ తయారవుతుంది, ఆ ఆర్ఎన్ఏ కేంద్రకం దాటి బయటికొచ్చి రైబోజోముల దగ్గర ప్రొటీనుగా అల్లబడుతుంది. ఆ ప్రొటీనే మనం మాట్లాడుకుంటున్న ఎంజైమ్.

కబురు ఎంత సన్నదో కూడా చెప్పాలి. అండం విడుదలకు ముందు ఈస్ట్రడయోల్ పతాక స్థాయికి చేరినప్పుడు కూడా రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 200 నుంచి 400 పికోగ్రాములే. ఒక పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఒక జన్యువు నుంచి ఎన్నో ఆర్ఎన్ఏ నకళ్లు, ఒక్కో నకలు నుంచి ఎన్నో ఎంజైములు, ఒక్కో ఎంజైమ్ వల్ల లెక్కలేనన్ని చర్యలు. అంత సన్నని కబురుకు అంత పెద్ద మార్పు రావడానికి కారణం ఈ అంచెలంచెల పెరుగుదలే.

మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ కూడా ఇలాగే లోపలికి వెళ్తాయా?

వెళ్లవు. అవి పెద్ద ప్రొటీన్లు, కణపొరను దాటలేవు. గుమ్మం దగ్గరే ఉన్న రిసెప్టరుకు తగిలి ఆగిపోతాయి. బయట తగిలిన తాకిడికి లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది ప్రొటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమును లేపుతుంది, ఆ కైనేజ్ కేంద్రకంలోని ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి జన్యువులను చదివిస్తుంది. సైక్లిక్ ఏఎంపీని గుర్తించిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

దీనికి అండాశయమే మంచి ఉదాహరణ. అండం పెరిగే పుటికలో రెండు రకాల కణాలు పక్కపక్కనే ఉంటాయి. బయటి వరుసలోని థీకా కణాలు ఎల్‌హెచ్ మాట విని, కొలెస్ట్రాల్‌ను టెస్టోస్టెరాన్ కుటుంబానికి చెందిన ఆండ్రోజెన్‌గా మార్చే ఎంజైములను తయారు చేస్తాయి. లోపలి గ్రాన్యులోసా కణాలు ఎఫ్ఎస్‌హెచ్ మాట విని ఆరోమటేజ్ అనే ఎంజైమును తయారు చేస్తాయి. థీకా కణాల దగ్గర ఆరోమటేజ్ దాదాపు లేదు. గ్రాన్యులోసా దగ్గర ఆండ్రోజెన్ తయారు చేసే ఎంజైమ్ లేదు. కాబట్టి ఆండ్రోజెన్ అటునుంచి ఇటు వస్తేనే ఈస్ట్రోజెన్ అవుతుంది. స్త్రీ శరీరంలోని ప్రతి ఈస్ట్రోజెన్ అణువూ అంతకుముందు ఆండ్రోజెనే. "మగ హార్మోన్, ఆడ హార్మోన్" అని గీత గీసి చెప్పే అలవాటును మానుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

కొత్త ఎంజైమ్ తయారవుతోందా, ఉన్న ఎంజైమే చురుకెక్కుతోందా?

రెండూ జరుగుతాయి. వాటిని కలగాపులగం చేసుకోకూడదు. ఉన్న ఎంజైముకు ఫాస్ఫేట్ తగిలించి లేపడం నిమిషాల పని. జన్యువు చదివి కొత్తది తయారు చేయడానికి అరగంట నుంచి కొన్ని గంటలు పడుతుంది. ఏది జరుగుతోందో తెలుసుకునే పద్ధతి సులువైనది: ఆర్ఎన్ఏ తయారీని ఆపే యాక్టినోమైసిన్‌ను ముందే ఇచ్చి, తర్వాత హార్మోన్ ఇవ్వాలి. ఎంజైమ్ పెరగడం ఆగిపోతే అది కొత్త తయారీయే.

1966లో ఎలుక గర్భాశయంలో ఈస్ట్రోజెన్ ఇచ్చిన తొలి గంటల్లోనే కొత్తగా తయారయ్యే ఒక ప్రొటీనును గుర్తించారు. అదేమిటో చాలాకాలం తెలియక "ఈస్ట్రోజెన్ ప్రేరిత ప్రొటీన్" అనే పిలిచారు. తర్వాత అది క్రియాటిన్ కైనేజ్ బి అని, అంటే కణానికి శక్తిని అందుబాటులో ఉంచే ఎంజైమ్ అని తేలింది. గర్భాశయం పెరగబోయే ముందు ఇంధనం సిద్ధం చేసుకుంటోందన్నమాట.

ఇవన్నీ ఎలుకల్లో సరే, కంటికి కనిపించే ఉదాహరణ ఏదైనా ఉందా?

కోడిగుడ్డు తెల్లసొన. అందులోని ప్రొటీన్లలో సగానికి పైగా ఒవాల్బుమిన్. వంద పాళ్లలో మూడున్నర పాళ్ల వరకు లైసోజైమ్, అంటే బ్యాక్టీరియా గోడలను కోసే ఎంజైమ్. ఈ రెండూ కోడి అండవాహికలోని గ్రంథుల్లో ఈస్ట్రోజెన్ ఆజ్ఞ మీద తయారవుతాయి.

ఇంకా ఎదగని కోడిపిల్లకు కొన్ని రోజులు ఈస్ట్రోజెన్ ఇస్తే, దారంలా ఉన్న అండవాహిక లావెక్కి, గ్రంథికణాలు ఏర్పడి, తెల్లసొన ప్రొటీన్లు మొదలవుతాయి. హార్మోన్ ఆపితే తయారీ ఆగుతుంది. కొన్నాళ్ల తర్వాత మళ్లీ ఇస్తే ఈసారి రోజులు పట్టదు, గంటల్లోనే తయారీ ఊపందుకుంటుంది. గ్రంథికణాలు అప్పటికే ఏర్పడి ఉన్నాయి, ఆ జన్యువుల చుట్టూ బిగువు అప్పటికే సడలి ఉంది. అదే అండవాహికలో ప్రొజెస్టెరాన్ అవిడిన్ అనే మరో ప్రొటీనును పుట్టిస్తుంది. బర్ట్ ఓమాలీ వంటివారు 1960లు, 70లలో హార్మోన్ వల్ల ఆర్ఎన్ఏ పెరుగుతుందని నిరూపించింది ఈ అండవాహిక మీదే.

ఒకే ఈస్ట్రోజెన్ గర్భాశయంలో ఒకలా, రొమ్ములో ఇంకోలా ఎందుకు పనిచేస్తుంది?

కబురు ఒకటే, వినేవాళ్లు వేరు. రెండు చోట్లా డీఎన్ఏ ఒకటే అయినా, పిండదశ నుంచి ఒక్కో అవయవం ఒక్కో రకం జన్యువులను తెరిచి ఉంచుకుంటుంది, మిగతావాటిని బిగించి పెట్టుకుంటుంది. బిగించి ఉన్న జన్యువు దగ్గరికి రిసెప్టర్ వెళ్లలేదు. రిసెప్టర్లలోనూ రకాలున్నాయి: ఈస్ట్రోజెనుకు ఆల్ఫా, బీటా అని రెండు. బీటా రకం 1996లో బయటపడింది, అదీ ఎలుక ప్రొస్టేట్ గ్రంథిలో. ప్రొజెస్టెరానుకు ఏ, బి అని రెండు రూపాలు. వీటికి తోడు సహాయక ప్రొటీన్ల పాళ్లు ఒక్కో కణంలో ఒక్కోలా ఉంటాయి.

రొమ్ము కేన్సరుకు ఇచ్చే టామాక్సిఫెన్ మందు సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌లోనే అది కూర్చుంటుంది. రొమ్ము కణంలో ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకుంటుంది, గర్భాశయ లోపొరలో మాత్రం కొంతవరకు ఈస్ట్రోజెన్ లాగే ప్రవర్తిస్తుంది. అందుకే ఆ మందు వాడుతున్నవారికి, ముఖ్యంగా నెలసరి ఆగిపోయినవారికి, రక్తస్రావం కనిపిస్తే వెంటనే చెప్పమని వైద్యులు గట్టిగా చెబుతారు.

అండం విడుదలయ్యేటప్పుడు పుటిక దానంతట అదే పగులుతుందా?

ఒత్తిడి పెరిగి బుడగలా పేలుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. దాన్ని ఎంజైములు లోపలి నుంచి పలుచన చేస్తాయి. అందుకే సమయం పడుతుంది: ఎల్‌హెచ్ ఉప్పెన మొదలైన దగ్గర్నుంచి అండం బయటపడేదాకా సుమారు 36 గంటలు.

ఆ గంటల్లో జరిగేది చూడండి. గ్రాన్యులోసా కణాలకు ఎల్‌హెచ్ మాట వినే చెవి మొదట్లో లేదు. ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రోజెన్ కలిసి అంతకుముందు రోజుల్లోనే వాటిమీద ఎల్‌హెచ్ రిసెప్టర్లను మొలిపించి పెట్టాయి. ఉప్పెన రాగానే ఆ కణాల్లో మూడు పనులు మొదలవుతాయి. కాక్స్-2 అనే ఎంజైమ్ తయారై, నొప్పికీ వాపుకీ కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే అణువులను పుట్టిస్తుంది. ఇంకో ఎంజైమ్ హయలురోనన్ అనే జిగురును తయారు చేస్తుంది, దాంతో అండం చుట్టూ ఉన్న కణాలు విడివడి మెత్తని దిండులా ఉబ్బుతాయి. మూడోది, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్. ఇది ఎంజైమ్ కాదు గానీ, తానే కేంద్రకంలో కూర్చుని ఆడమ్‌టీఎస్-1 వంటి కోసే ఎంజైముల జన్యువులను చదివిస్తుంది. అంటే ఒక హార్మోన్ మరో హార్మోన్ రిసెప్టర్‌ను తయారు చేయిస్తే, ఆ రిసెప్టర్ ఎంజైమును తయారు చేయిస్తోంది. చివరికి పుటిక పైభాగాన కొల్లాజెన్ కరిగి, గోడ పలుచబడి, అండం జారుతుంది.

ఇందులో ఒక్క మెట్టు తీసేసినా పని ఆగుతుంది. కాక్స్-2 జన్యువు లేని ఆడ ఎలుకల్లోనూ, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ లేని ఎలుకల్లోనూ అండం సరిగా విడుదల కాదు.

అయితే నొప్పి మాత్రలు అండం విడుదలను ఆపుతాయా?

కొన్ని ఆపగలవు, కొన్నిసార్లు. ఇండోమెథాసిన్ వంటి మందులు కాక్స్ ఎంజైములనే అడ్డుకుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లో వాడితే పుటిక పగలడం ఆలస్యం కావచ్చు, పగలకుండానే ఉండిపోవచ్చు. అప్పుడు కూడా ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది కాబట్టి రక్తపరీక్షలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మందు ఆపితే ఈ ప్రభావం పోతుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు కీళ్ల నొప్పులకో మరి దేనికో ఇలాంటి మాత్రలు రోజూ వేసుకుంటుంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి. సొంతంగా ఆపేయడమూ మంచిది కాదు.

నెలసరి రావడం కూడా ఎంజైముల పనేనా?

అవును. ఇక్కడ ఆజ్ఞ వచ్చేది హార్మోన్ రాక వల్ల కాదు, పోక వల్ల.

అండం విడుదలయ్యాక మిగిలిన పుటిక కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టెరాన్ ఇస్తుంది. దాని ఆయుష్షు సుమారు 14 రోజులు. ఆ రోజుల్లో ప్రొజెస్టెరాన్ గర్భాశయ లోపొరలో, కణాల మధ్య అల్లికను కోసే ఎంజైముల జన్యువులను అణచి ఉంచుతుంది. వీటిని మ్యాట్రిక్స్ మెటాలోప్రొటీనేజులు అంటారు, కొల్లాజెన్ వంటి గట్టి పోగులను తెంచగలవు. గర్భం నిలిస్తే పిండం నుంచి హెచ్‌సీజీ వచ్చి కార్పస్ లూటియాన్ని బతికిస్తుంది. నిలవకపోతే అది వాడిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, అణచిన చెయ్యి తొలగిపోతుంది. కోసే ఎంజైములు పుట్టుకొస్తాయి, తెల్లరక్తకణాలు వచ్చి వాటికి తోడవుతాయి. లోపొర పైభాగం ఊడిపోతుంది. అడుగుపొర మిగిలి ఉంటుంది, మళ్లీ ఈస్ట్రోజెన్ రాగానే అక్కణ్ణుంచే మచ్చ లేకుండా కొత్తపొర లేస్తుంది.

కోతుల్లో చేసిన ప్రయోగాల్లో, ప్రొజెస్టెరాన్ తీసేసిన ఒకటిన్నర రోజు లోపు తిరిగి ఇస్తే రక్తస్రావాన్ని ఆపగలిగారు. ఆ గడువు దాటితే హార్మోన్ ఎంత ఇచ్చినా ఆగలేదు. కణజాలం ఒకసారి బాట పట్టాక కబురుతో పనిలేదు.

ప్రొజెస్టెరాన్ ఈస్ట్రోజెన్‌ను అదుపు చేస్తుందంటారు. ఎలా?

చాలా తెలివైన దారిలో. గర్భాశయ లోపొర కణాల్లో అది 17-బీటా హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్ రెండో రకం అనే ఎంజైమును పెంచుతుంది. పేరు పొడవే గానీ పని చిన్నది: బలమైన ఈస్ట్రడయోల్‌ను బలహీనమైన ఈస్ట్రోన్‌గా మార్చేయడం. రక్తంలో ఈస్ట్రోజెన్ ఎంతైనా ఉండనీ, లోపొర గడప దాటేసరికి దాని పదును తగ్గిపోతుంది. దీంతోపాటు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ల సంఖ్యనూ తగ్గిస్తుంది.

ఎండోమెట్రియోసిస్‌లో దెబ్బతినేది ఇదే. గర్భాశయం బయట పెరిగిన ఆ కణజాలం ప్రొజెస్టెరాన్ మాట సరిగా వినదు, ఈ ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. పైగా మామూలు లోపొరలో ఉండని ఆరోమటేజ్ అక్కడ తయారై, అక్కడికక్కడే ఈస్ట్రోజెన్ పుడుతుంది. ఆ ఈస్ట్రోజెన్ ప్రోస్టాగ్లాండిన్లను పెంచుతుంది, ప్రోస్టాగ్లాండిన్లు మళ్లీ ఆరోమటేజ్‌ను పెంచుతాయి.

మరి రిపోర్టులో హార్మోన్లన్నీ నార్మల్ అని ఉంటే సమస్య లేనట్టేనా?

పై జవాబులోనే దీనికీ జవాబుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా. రక్తపరీక్ష కబురు బయలుదేరిందని మాత్రమే చెబుతుంది. రిసెప్టర్లు ఉన్నాయా, జన్యువు తెరుచుకుందా, ఎంజైమ్ తయారైందా అన్నవి అందులో ఉండవు. "అన్నీ నార్మలే, మీ భయమే" అనిపించుకుని, ఏళ్ల తరబడి నొప్పి భరిస్తున్న స్త్రీల గురించి తలచుకుంటే బాధ కలుగుతుంది. నొప్పి నిజం. అంకె చూసేది ఇంకో చోటు.

మగవారిలో ఇలాంటి ఉదాహరణ ఉందా?

పీఎస్ఏ పేరు వినే ఉంటారు. దాన్ని కేన్సర్ పరీక్షగానే అందరూ గుర్తుపెట్టుకుంటారు గానీ, అది ప్రొటీన్లను కోసే ఎంజైమ్. ప్రొస్టేట్ కణాల్లో ఆండ్రోజెన్ రిసెప్టర్ దాని జన్యువును చదివిస్తుంది. ఆ కబురును కూడా ప్రొస్టేట్ ముందు పదును పెట్టుకుంటుంది: 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను మరింత గట్టిగా అంటుకునే డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది.

వీర్యం బయటికి రాగానే గడ్డకట్టి, అరగంట అటూఇటూగా పలుచబడుతుంది. గడ్డకట్టించేది సెమినోజెలిన్ ప్రొటీన్, దాన్ని కోసి పలుచన చేసేది పీఎస్ఏ. ప్రొస్టేట్‌లో ఉన్నంతసేపూ జింక్ దాన్ని అణచి ఉంచుతుంది. సెమినోజెలిన్ ఆ జింకును లాగేసుకోగానే కత్తి ఒర దాటుతుంది. అప్పుడు శుక్రకణాలు ఈదగలుగుతాయి. వీర్యంలో ఇది మిల్లీగ్రాముల లెక్కలో ఉంటే, రక్తంలో నానోగ్రాముల లెక్కలో, అంటే దాదాపు పది లక్షల రెట్లు తక్కువ. గ్రంథి నిర్మాణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి ఎక్కువగా కారుతుంది. వాపు, ఇన్ఫెక్షన్, వయసుతో వచ్చే పెరుగుదల వల్ల కూడా అంకె పెరుగుతుంది, ఒక్క కేన్సర్ వల్లే కాదు.

ప్రొస్టేట్ పెరిగినప్పుడు ఇచ్చే ఫినాస్టెరైడ్ మందు వాడేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అది 5-ఆల్ఫా రిడక్టేజ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి కొన్ని నెలల్లో పీఎస్ఏ అంకె దాదాపు సగానికి పడిపోతుంది. జుట్టు కోసం వాడుతున్నా సరే, పరీక్ష ముందు డాక్టరుకు చెప్పకపోతే తప్పుడు ధైర్యం మిగులుతుంది.

హార్మోన్ ఆపితే ఎంజైమ్ తగ్గుతుందన్నది రోగుల్లోనూ రుజువైంది. చార్లెస్ హగిన్స్ 1941లో, ప్రొస్టేట్ కేన్సర్ వ్యాపించిన వారిలో వృషణాలు తొలగిస్తే రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పడిపోతుందని, నొప్పి తగ్గుతుందని చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఎంజైమ్ మాత్రలు, సప్లిమెంట్లు వేసుకుంటే ఇవి పెరుగుతాయా?

పెరగవు. ఎంజైమ్ ప్రొటీన్ కాబట్టి మింగితే కడుపులో, పేగులో అరిగిపోతుంది. గర్భాశయ కణం తన ఎంజైమును తన జన్యువు నుంచే తయారు చేసుకుంటుంది.

పని అయ్యాక ఈ తయారీ ఎలా ఆగుతుంది?

ఆపడానికీ ఏర్పాటుంది. హార్మోన్ తగ్గగానే రిసెప్టర్ డీఎన్ఏను వదిలేస్తుంది. పని చేసిన ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కు కణం యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి ముక్కలు చేసేస్తుంది. ఆర్ఎన్ఏ నకళ్లు గంటల్లో చెదిరిపోతాయి. కోడి అండవాహికలో ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఒవాల్బుమిన్ ఆర్ఎన్ఏ దాదాపు ఒక రోజు నిలుస్తుంది, హార్మోన్ తీసేస్తే కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది. అప్పటికే తయారైన ఎంజైమ్ మాత్రం తన ఆయుష్షు తీరేదాకా పని చేస్తూనే ఉంటుంది.